ఒకే ఇంట్లో ఉన్నా పలకరించుకోని కంప్యూటర్లు!

రెండు కంప్యూటర్లూ ఆన్‌లోనే ఉన్నాయి. రెండింటికీ ఒకటే వైఫై. రెండింట్లోనూ యూట్యూబ్ చక్కగా వస్తోంది. కానీ ఒకదాంట్లోని ఫోల్డర్‌ని రెండోదాంట్లో తెరుద్దామంటే మాత్రం... అసలు అలాంటి కంప్యూటరే లేదంటుంది!

చీపురుపల్లిలో ఒక ఇల్లు అనుకుందాం. సావిట్లో బల్లమీద నాన్నగారి పాత డెస్క్‌టాప్. పదిహేనేళ్ల ఫొటోలు, కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర వీడియోలు, తాతగారి పొలం కాగితాల స్కాన్‌ కాపీలు... అన్నీ అందులోనే. ఈమధ్య అది తరచూ మొరాయిస్తోంది. విశాఖలో చదివే అమ్మాయి సెలవులకు కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చింది. డెస్క్‌టాప్ పూర్తిగా మూలపడేలోగా అందులోని 60 జీబీ సరంజామా అంతా ల్యాప్‌టాప్‌లోకి చేర్చాలి. ఇంట్లో ఉన్నదేమో 16 జీబీ పెన్‌డ్రైవ్.

ఇలాంటప్పుడు ఇంట్లోని రూటరే దారి చూపిస్తుంది. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఫైళ్లు పంపితే నెట్ డేటా ఖర్చు కాదు. బయట నెట్ కనెక్షన్ పోయినా రూటర్‌కి కరెంటు ఉంటే చాలు. పాతరకం 100 ఎంబీపీఎస్ కేబుల్ కలిపినా 60 జీబీ కాపీ కావడానికి సుమారు గంటన్నర పడుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకాస్త ఎక్కువ.

అయితే ఒక జాగ్రత్త. డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే ఈ ప్రయత్నాలేవీ చేయొద్దు. వెంటనే ఆపేసి, తెలిసిన మెకానిక్‌కి చూపించండి. తిప్పినకొద్దీ డిస్క్ మరింత పాడవుతుంది.

ఒకటే వీధిలో ఉన్నాయా?

చుట్టాలింటికి వెళ్లడానికి ఏం కావాలి? వీధి తెలియాలి, ఇంటి నంబరు తెలియాలి, తలుపు తీసి ఉండాలి, లోపలికి రమ్మనాలి. కంప్యూటర్లకూ అంతే. ఈ వరసలోనే చూసుకుంటూ వెళితే ఎక్కడ అడ్డుపడుతోందో తెలిసిపోతుంది.

రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లి, వాడుతున్న కనెక్షన్ ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ 'ఐపీవీ4 అడ్రస్' కనిపిస్తుంది. ఒకటి 192.168.1.5, రెండోది 192.168.1.8 ఇలా ఉంటే, అంటే మొదటి మూడు అంకెలూ కలిస్తే, మామూలుగా రెండూ ఒకే వీధిలో ఉన్నట్లు. ఒకటి 192.168.1తోనూ మరోటి 192.168.0తోనూ మొదలైతే వీధులు వేరు. ఫైబర్ నెట్‌వాళ్లు పెట్టిన బాక్సుకి మనం కొన్న మరో రూటర్ తగిలించిన ఇళ్లలో ఈ చిక్కు ఎక్కువ. రెండు కంప్యూటర్లనూ ఒకే రూటర్‌కి కలపండి. లేదా రెండో రూటర్‌ని 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లోకి మార్చండి.

అంకెలు కలిసినా పలకకపోతే, రెంటిలో ఏదైనా 'గెస్ట్' వైఫైకి కలిసి ఉందేమో చూడండి. గెస్ట్ వైఫై ఉన్నదే ఇంటికి వచ్చినవాళ్లకు నెట్ ఇచ్చి, మన కంప్యూటర్ల జోలికి రానివ్వకుండా ఉంచడానికి.

తలుపు తీసి ఉందా?

కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ సాధారణంగా దాన్ని 'పబ్లిక్' నెట్‌వర్క్‌గా భావిస్తుంది. రైల్వేస్టేషన్‌లో కూర్చున్నట్లు తలుపులన్నీ బిగించుకుంటుంది. ఇందాకటి ప్రాపర్టీస్ పేజీలోనే దాన్ని 'ప్రైవేట్'గా మార్చండి. ఇది మన ఇంటి నెట్‌వర్క్‌కి మాత్రమే. హాస్టల్లో, స్టేషన్లో పబ్లిక్‌గానే ఉండాలి. తర్వాత 'అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్'లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి.

ఇంతచేసినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని 'నెట్‌వర్క్' కింద డెస్క్‌టాప్ పేరు కనిపించకపోవచ్చు. కంగారుపడకండి. పేరు కనిపించకపోవడం వేరు, దారి లేకపోవడం వేరు. ఎక్స్‌ప్లోరర్ పైనున్న అడ్రస్ బార్‌లో \\192.168.1.5 అని డెస్క్‌టాప్ ఐపీ అడ్రస్ టైపు చేసి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే సమస్య పేరుతోనే. డెస్క్‌టాప్‌లో 'సర్వీసెస్' తెరిచి 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనేదాన్ని ఆటోమేటిక్ చేస్తే పేరూ కనిపిస్తుంది. చేయకపోయినా నష్టం లేదు, అంకెలతోనే పని కానిచ్చేయొచ్చు.

80070035 అంకెలతో ముగిసే ఎర్రర్ వస్తే డెస్క్‌టాప్ దాకా దారి దొరకలేదని అర్థం. అది నిద్రలోకి జారుకుందేమో (స్లీప్ మోడ్), విడిగా వేసుకున్న యాంటీవైరస్‌లోని ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడండి. యాంటీవైరస్ సెట్టింగుల్లో ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తిస్తే సరి. ఫైర్‌వాల్‌ని మొత్తంగా ఆపేయకండి.

తాళంచెవి సరైనదేనా?

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగిందంటే సగం పని అయినట్లే. చాలామంది ఇక్కడ బోల్తాపడతారు. ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ కొడతారు. అడుగుతున్నది డెస్క్‌టాప్‌ది! రోజూ తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ కూడా ఇక్కడ పనికిరాదు. అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డే లేని అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు.

తేలిక మార్గం ఒకటుంది. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అవసరం లేని ఒక కొత్త యూజర్‌ని, మంచి పాస్‌వర్డ్‌తో తయారుచేయండి. తర్వాత కావలసిన ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'షేరింగ్' ట్యాబ్, అందులో 'షేర్' బటన్ నొక్కి ఆ యూజర్‌ని చేర్చండి. అనుమతి 'రీడ్' చాలు. చదవడానికీ కాపీ చేసుకోవడానికీ వీలవుతుంది, పొరపాటున చెరపడానికి వీలుండదు.

లాగిన్ అయినా ఫోల్డర్ తెరుచుకోకపోతే కారణం ఇది: విండోస్‌లో షేరింగ్ అనుమతి ఒకటి, 'సెక్యూరిటీ' ట్యాబ్‌లో ఉండే అనుమతి మరొకటి. రెండింట్లో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. రెండుచోట్లా ఆ యూజర్ పేరు ఉండాలి. ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి 'గుర్తుంచుకో' అనుంటే, ల్యాప్‌టాప్‌లోని 'క్రెడెన్షియల్ మేనేజర్'లో ఆ పాత వివరాలు తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

నిన్నటిదాకా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకున్న ఫోల్డర్ కొత్త ల్యాప్‌టాప్‌లో మొండికేస్తోందా? 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో వంటి ఎడిషన్లలో నియమాలు గట్టిపడ్డాయి. గెస్ట్‌గా వెళితే వెనక్కి పంపేస్తుంది. మందు ఒక్కటే, పైన చెప్పినట్లు పాస్‌వర్డ్ ఉన్న యూజర్. ఇక 'హోమ్‌గ్రూప్' కోసం వెతక్కండి. విండోస్ 7తో వచ్చిన ఆ సదుపాయాన్ని 2018లోనే విండోస్ 10 నుంచి తీసేశారు.

ఈ సలహా వినొద్దు

ఎవర్నడిగినా ఒక చిట్కా చెబుతారు. 'ఎస్ఎంబీ1 ఆన్ చేసెయ్, పనైపోతుంది' అని. నిజమే, కొన్నిసార్లు పనవుతుంది. కానీ అది వీధి తలుపు గడియ తీసి పడుకోవడం లాంటిది. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే భాష పేరు ఎస్ఎంబీ. అందులో మొట్టమొదటి, అతి పాత రకం ఎస్ఎంబీ1.

2017 మే 12న బయటపడ్డ 'వాన్నాక్రై' వైరస్ పాకింది దీనిలోని లోపాన్ని పట్టుకునే. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. మనకు దూరంగా ఎక్కడో జరిగింది కాదు. మన రాష్ట్రంలో శ్రీకాకుళం, విశాఖపట్నం సహా కొన్ని జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్తగా వేసే విండోస్ 10లో ఎస్ఎంబీ1 లేకుండా చేశారు.

మీ డెస్క్‌టాప్‌లో విండోస్ 7 కానీ, ఆ తర్వాతది కానీ ఉంటే ఎస్ఎంబీ1తో పనే లేదు. కొత్త భాష వాటికి వచ్చు. ఎక్స్‌పీ ఉంటేనే ఇబ్బంది, దానికి పాత భాష తప్ప మరోటి రాదు. దానికోసం కొత్త ల్యాప్‌టాప్‌ని బలిపెట్టొద్దు. పెన్‌డ్రైవ్‌తో నాలుగు విడతల్లో తెచ్చుకోండి. లేదా డెస్క్‌టాప్‌లోంచి హార్డ్‌డిస్క్ తీయించి, యూఎస్‌బీ కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కి తగిలించండి. ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కి 2020లో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. వాటిని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపినా, పని అయ్యేదాకానే.

కాపీ పూర్తయ్యాక...

మొత్తం సైజు, ఫైళ్ల సంఖ్య రెండుచోట్లా సరిపోయాయో లేదో చూడండి. పది ఫొటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి. అప్పటిదాకా డెస్క్‌టాప్‌లోంచి ఏదీ తీసేయకండి. పని అవగానే షేరింగ్ ఆపేయండి, కొత్తగా చేసిన యూజర్‌ని తొలగించండి. బయటినుంచి కూడా ఫైళ్లు అందుతాయని ఆశపడి రూటర్‌లో 445 పోర్టు ఎప్పుడూ తెరవొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం... షేరింగ్ వేరు, బ్యాకప్ వేరు. వైరస్ వస్తే షేర్ చేసిన ఫోల్డర్ దాకా కూడా నడిచి వెళుతుంది. తాతగారి కాగితాలూ, జాతర ఫొటోలూ ఇంకో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, కేబుల్ పీకి బీరువాలో పెట్టండి. ఏ నెట్‌వర్క్‌కీ కలవని ఆ డిస్క్‌లోకి ఏ వైరస్సూ నెట్ మీదుగా రాలేదు.