అదే తేదీన పుట్టిన మూడో మనిషి

కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవికి జనవరి 23 ప్రత్యేకమైన రోజు. 1915లో ఆర్థర్ లూయిస్, 1930లో డెరెక్ వాల్కాట్ పుట్టింది ఆ తేదీనే. మొదటివారికి 1979లో అర్థశాస్త్రంలో, రెండోవారికి 1992లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. దీవి మొత్తం 617 చదరపు కిలోమీటర్లు, జనాభా ఇప్పటికీ రెండు లక్షలు లేదు. అలాంటి చోట ఇద్దరు నోబెల్ విజేతలు, ఇద్దరిదీ ఒకటే పుట్టినరోజు! ఏటా జనవరిలో అక్కడ ఉత్సవాలు జరుగుతాయి. జరగాల్సిందే. కానీ అదే రోజు, అదే ఇంట్లో, అదే తల్లికి పుట్టిన మరో మనిషిని కూడా తలుచుకోవాలి. ఆయన డెరెక్ కవల సోదరుడు రాడరిక్ వాల్కాట్. తెలిసినవాళ్లకి రాడీ.

తండ్రి వార్విక్ ప్రభుత్వోద్యోగి. తీరిక వేళల్లో నీటిరంగుల బొమ్మలు వేసేవారు, స్నేహితులతో కలిసి నాటకాలు ఆడించేవారు. కవలలకి రెండేళ్లయినా నిండకముందే పోయారు. తల్లి అలిక్స్ పసిపిల్లల బడి నడుపుతూ, బట్టలు కుడుతూ పిల్లల్ని పెంచారు. డెరెక్ మొదటి కవితల పుస్తకం అచ్చు కావడానికి రెండు వందల డాలర్లు ఎలాగో సర్ది ఇచ్చింది ఆ తల్లే. డెరెక్ ఆ పుస్తకాలు వీధుల్లో తిరిగి అమ్మి బాకీ తీర్చుకున్నారు. అది 1948. ఆ ఏడాదే జూన్ 19 రాత్రి రాజధాని కాస్ట్రీస్ తగలబడింది. కొయ్య ఇళ్ల ఊరు, చాలా భాగం బూడిదైంది.

ఆ బూడిద ఇంకా కళ్లముందే ఉన్న రోజుల్లో, 1950లో, డెరెక్, ఆయన మిత్రుడు మారిస్ మేసన్ సెయింట్ లూసియా ఆర్ట్స్ గిల్డ్ స్థాపించారు. ఇళ్లే లేని ఊరికి ముందు ఇళ్లు కావాలి గానీ నాటకాలెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. వాళ్లకి అలా అనిపించలేదు. హైతీ రాజు ఆన్రీ క్రిస్టఫ్ మీద డెరెక్ రాసిన నాటకం మొదటి ఏడాదే ఆడారు. అదే ఏడాది డెరెక్ జమైకాలో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆ తర్వాత గిల్డ్ బరువు రాడరిక్ భుజాల మీదికి వచ్చింది.

నాటక సమాజం నడిపినవాళ్లకి ఆ బరువేమిటో చెప్పక్కర్లేదు. రిహార్సల్‌కి రానివాళ్ల ఇంటికి వెళ్లి పిలుచుకు రావాలి. వేషానికి మనిషి దొరక్కపోతే తానే ముఖానికి రంగు పూసుకోవాలి. రాడరిక్ నాటకాలు రాశారు, ఆడించారు, రంగస్థలం అలంకరించారు, దుస్తులు రూపొందించారు, పాటలు కట్టారు. అప్పటికి లక్ష మంది కూడా లేని దీవిలో ఏడాది తర్వాత ఏడాది ఒక సమాజాన్ని బతికించడం ఏ కావ్యానికీ తీసిపోని పని అని మా నమ్మకం.

ఆ వేదిక చేసిన అసలు మేలు ఇంకొకటుంది. ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ చేతులు మార్చుకుంటూ ఏలిన దీవి అది. ఇంట్లో, సంతలో, పడవ మీద మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్వేయోల్ భాష. అప్పట్లో బడికి వెళ్తే ఆ మాట నేరం. డెరెక్ రాసిన ‘ద సీ ఎట్ డాఫిన్’లో జాలరులు ఆ క్వేయోల్ కలిసిన ఇంగ్లీషులోనే సముద్రాన్ని తిడతారు, బతిమాలతారు. అందులో హునాకిన్ అనే ముసలాయన ఉంటాడు. చెరకు తోటల కోసం ఇండియా నుంచి తెచ్చిన కూలీల సంతతి. భార్య పోయిన దుఃఖం మోస్తూ చేపల వేటకి తననీ తీసుకుపొమ్మని అడుగుతాడు. ఆ నాటకాన్ని గిల్డ్ ఆడినప్పుడు, బడిలో దెబ్బలు తిన్న మాట దీపాల వెలుగులో నిలబడింది.

రాడరిక్ మరో అడుగు వేశారు. సెయింట్ లూసియా పల్లెల్లో లా రోజ్, లా మార్గరీట్ అని రెండు పూల సంఘాలున్నాయి. గులాబీది ఒకటి, మార్గరీట్ పువ్వుది మరొకటి. ప్రతి సంఘానికీ ఒక రాజు, రాణి, యువరాజులు, పోలీసులు, నర్సులు, న్యాయాధికారి. పండక్కి కొన్ని నెలల ముందు నుంచే రాత్రిళ్లు పాటల సభలు. సభకి వచ్చినవాడు రాజుగారికి వంగి దణ్ణం పెట్టకుండా కూర్చున్నాడో, పోలీసు పట్టుకుని న్యాయాధికారి ముందు నిలబెడతాడు. జరిమానా సంఘం పెట్టెలో పడుతుంది. ఒకప్పుడు తోటల్లో చెరకు నరికే మనిషి ఆ రాత్రికి రాజయ్యేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు చదువుకున్నవాళ్లు ఈ పండగల్ని చిన్నచూపు చూశారు. చిత్రకారుడు హెరాల్డ్ సిమన్స్ మాత్రం వాటి వెంట తిరిగి పాటలూ ఆచారాలూ రాసిపెట్టుకున్నారు. డెరెక్‌కి బొమ్మలు వేయడం నేర్పింది కూడా ఆయనే.

ఆ లా రోజ్ పండగ చుట్టూ రాడరిక్ ‘ద బాంజో మ్యాన్’ రాశారు. 1958లో వెస్టిండీస్ ఫెడరేషన్ ఏర్పడింది. ఆ సంబరాల్లో భాగంగా ట్రినిడాడ్‌లో కళోత్సవం. అక్కడికి సెయింట్ లూసియా తరఫున ఈ నాటకం వెళ్లాలి. కేథలిక్ చర్చి అభ్యంతరం చెప్పింది. నాటకం ఆగిపోయింది. వాల్కాట్లు మెథడిస్టులు, దీవి దాదాపు అంతా కేథలిక్. పద్నాలుగేళ్ల వయసులో డెరెక్ పత్రికలో అచ్చేసిన పద్యాన్ని ఒక పూజారి అదే పత్రికలో ఖండించిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. అయినా రాడరిక్ గిల్డ్‌ని వదల్లేదు. మరో పదేళ్లు పనిచేశాకే, 1968లో, కెనడా వెళ్లారు. ‘ద బాంజో మ్యాన్’ దీవి దాటింది 1972లో, గయానాలో జరిగిన మొదటి కరీబియన్ కళోత్సవం కారిఫెస్టాకి. పద్నాలుగేళ్ల ఎదురుచూపు. రాడరిక్ 2000లో కన్నుమూశారు.

గిల్డ్ తర్వాత జానపద కళల పనిని ఎత్తుకున్నది చర్చి మనిషే కావడం మనసుకి హాయినిస్తుంది. ప్యాట్రిక్ ఆంథనీ 1973లో కాస్ట్రీస్‌లో ఫోక్ రిసెర్చ్ సెంటర్ మొదలుపెట్టారు. తర్వాత ఆయన కేథలిక్ చర్చిలో మోన్సిన్యోర్ అనే గౌరవ బిరుదు పొందారు. ఆ కేంద్రం ఉన్న పాత కొయ్య భవనం 2018 మార్చిలో కాలిపోయింది. ఎన్నో ఏళ్లుగా కూడబెట్టిన పుస్తకాలు, రికార్డులు ఎన్నో పోయాయి. ఆ ఊరికి నిప్పుతో పాత బాకీ ఏదో ఉన్నట్టుంది. పని మాత్రం ఆగలేదు.

ఆగస్టు 30 సెయింట్ రోజ్ పండగ. ఆ ఉదయం లా రోజ్ సంఘాల వాళ్లు రాజునీ రాణినీ ముందు పెట్టుకుని, కిరీటాలతో, యూనిఫాం వేసుకున్న పోలీసులతో, తెల్లటి దుస్తుల నర్సులతో చర్చికి వెళ్తారు. ప్రార్థన అయ్యేవరకూ బల్లల మీద బుద్ధిగా కూర్చుంటారు. తలుపులు తెరుచుకోగానే వీధిలో పాట అందుకుంటారు, క్వేయోల్‌లో.