గాలి ఉన్నది, వేడి లేదు



మన సంఘముల బిడ్డలు అనేకులు అమెరికా, కెనడా వంటి చలి దేశములలో ఉన్నారు. అక్కడ చలికాలములో మినీవ్యాను హీటరు చల్లగాలినే ఊదితే పసిబిడ్డలున్న కుటుంబమునకు ఎంతో కష్టము. వారికి ఈ సంగతి వ్రాసి పంపండి.

హీటరుకు సొంత వేడి లేదు. ఇంజను వేడికి కాగిన కూలెంటు గొట్టముల గుండా హీటరు కోరులోనికి వస్తుంది; ఫ్యాను ఆ వేడిని లోపలికి తోలుతుంది. గాలి జోరుగా వస్తున్నదంటే ఫ్యాను మంచిదే. దానిని మార్చి లాభము లేదు.

ఇంజను బాగా చల్లారిన తరువాత కూలెంటు మట్టము చూడాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే ఒళ్లు కాలుతుంది. మట్టము తగ్గితే ఎక్కడ కారుతున్నదో వెదకాలి. కూలెంటు తియ్యని విషము, పిల్లలకు అందనీయరాదు.

మట్టము సరిగా ఉంటే, ఆరుబయట ఇంజను నడపాలి. మూసిన షెడ్డులో దాని పొగ ప్రాణము తీస్తుంది. వేడెక్కాక హీటరు గొట్టములు రెంటినీ జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ నులివెచ్చగా ఉంటే థర్మోస్టాటు మూసుకొనక తెరచియే ఉండవచ్చు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కోరు పూడియుండవచ్చు. రెండూ వేడిగా ఉంటే లోపల గాలిని మళ్లించే తలుపు పనిచేయుట లేదేమో మెకానిక్కుకు చూపించాలి.

మన కూడికలలోను శబ్దము జోరుగా ఉండి వేడి లేకపోవచ్చును. అప్పుడు మైకు మార్చి ఏమి లాభము? లవొదికయ సంఘమువలె నులివెచ్చగా ఉన్నామేమో, మన ప్రార్థన ఎక్కడ పూడిపోయినదో మొదట వెదకుదము. వేడి మనది కాదు, ప్రభువుది. ఆమేన్.