పాత్ర అడుగున మిగిలిన జీవసమాజము

ఇంటియందు బీరు కాచుకొనుటకు చట్టము అనుమతించు దేశములలో, ముఖ్యముగా 1978 నాటి ఫెడరల్ శాసనము అడ్డు తొలగించిన పిమ్మట అమెరికాలో, ఈ వ్యాసంగము మిక్కిలి వ్యాపించినది. (మన తెలుగు రాష్ట్రములలో లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరమన్న సంగతి పాఠకులు ఎరిగినదే.) అచ్చటి గృహస్థులలో పుల్లని బీరుపై మక్కువ గలవారు కొందరు, తయారైన బీరును సీసాల కెత్తిన పిదప అడుగున మిగిలిన మడ్డిని పారబోసి, మరుసటి విడతకు దుకాణమునుండి క్రొత్త ఈస్టు పొట్లము తెచ్చుకొనుచున్నారు. ఇది నాకు సమ్మతము కాదు. నెలల తరబడి ఒకే పాత్రలో పరస్పరము పోరాడియు, పోషించుకొనియు, తుదకు సర్దుకొనియు నిలిచిన ఈస్టుల, బాక్టీరియాల సంతతిని వ్యర్థపదార్థముగా నెంచుట అన్యాయమని నా దృఢాభిప్రాయము.

ఏకజాతి ఈస్టుపై బీరులోకమునకు గల భక్తి అంత ప్రాచీనమైనది కాదు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణమునుండి ఈస్టు సంతతిని పెంచి, అన్యజాతులు చేరుటవలన బీరు చెడుచున్నదని చూపినది మొదలు, నిర్మలత్వమే నాణ్యత యను సిద్ధాంతము పాదుకొనెను. ఆ సిద్ధాంతము చేసిన మేలు అపారము. అయినను, ఇరువదియొక్క యేండ్లకు, 1904లో, అదే కార్ల్స్‌బర్గుకు చెందిన క్లాసెన్, ఇంగ్లండులో దీర్ఘకాలము నిలువయుంచు బీరులకు వాటి విశిష్ట పరిమళము నొసగునది బ్రెట్టనోమైసిస్ అను వేరొక ఈస్టు అని ప్రకటించెను. ఒకే సంస్థనుండి వెలువడిన ఈ రెండు సత్యములలో మొదటిదానిని పరిశ్రమ శిరసావహించెను. రెండవదానిని బ్రస్సెల్స్ పరిసరములలోని, లాంబిక్ అను పుల్లని బీరు తయారీదారులు, శాస్త్రజ్ఞులు పేరు పెట్టకమునుపే, తమ కొయ్యపీపాలలో ఆచరణయందుంచిరి.

1900లో స్థాపితమైన కాంటియోన్ వంటి శాలలలో నేటికిని చలికాలపు రాత్రులయందు, మరిగించిన ధాన్యరసమును లోతు తక్కువైన విశాలపు తొట్టెలో చల్లార్చి, గాలినుండి వచ్చి చేరు సూక్ష్మజీవులకు అప్పగించి, మరునాడు పీపాల కెత్తుదురు. తొలి వారములలో ఒక తెగ బాక్టీరియా, పిదప సామాన్యమైన బీరు ఈస్టు, కొన్ని నెలలకు పులుపునిచ్చు పీడియోకోకస్, దాని వెనుక మెల్లమెల్లగా బ్రెట్టనోమైసిస్, ఇట్లు వరుసగా రంగమున ప్రవేశించును. పీపా ఖాళీ యైనను ఆ సంతతి కొంత కొయ్య రంధ్రములలో నిలిచి, మరుసటి రసమునకు అందుచుండును.

అయితే మడ్డిని మరల వాడుట యనగా దానిని యథాతథముగా క్రొత్త రసమున క్రుమ్మరించుట యని భ్రమింపరాదు. ఏడాది నిలిచిన పుల్లని బీరులో ఆమ్లముచేతను మద్యసారముచేతను సామాన్యపు ఈస్టు క్షీణించి యుండును; బాక్టీరియా, బ్రెట్టనోమైసిస్ మాత్రము బలముగా నుండును. అట్టి మడ్డిని మాత్రమే నమ్ముకొన్నచో ఈస్టు తేరుకొనక మునుపే పులుపు హద్దు మీరును. కావున వెంట తాజా ఈస్టును కొంత చేర్చవలెను. కొన్ని వారములకే మడ్డిని తీసినచో దోషము తద్విరుద్ధము: త్వరగా అడుగునకు దిగు ఈస్టు అందు దండిగా నుండును గాని, తేలుచు నిలుచు లాక్టోబాసిల్లస్ అను పులుపునిచ్చు బాక్టీరియా పైనున్న బీరుతో పోవును, అందుచే మడ్డితోబాటు కొంత బీరునుగూడ తీసియుంచుట మేలు. హాప్స్ పువ్వుల చేదు ఈ బాక్టీరియాకు గిట్టదు. చేదు హెచ్చైన రసమున మడ్డిని పోసి, పులుపు రాలేదని వగచుట తగదు. ముందునాటి పెరుగు పులిసిన తీరును, పాల వెచ్చదనమును చూచి తోడు హెచ్చించియు తగ్గించియు వేయు మన ఇల్లాలి వివేకమే ఇచ్చటను వలయును.

పీడియోకోకస్ విజృంభించినపుడు బీరు జిగటగా తీగలు సాగును. భయపడి పారబోయువారు తొందరపడుచున్నారు. కొన్ని నెలలు ఓపిక పట్టినచో ఆ జిగటను బ్రెట్టనోమైసిస్ విచ్ఛిన్నము చేయును. రంగురంగుల బూజు పట్టిన మడ్డిని మాత్రము నిస్సంకోచముగా విడువవలసినదే. పుల్లని బీరునకు వాడిన ప్లాస్టిక్ గొట్టములను మామూలు బీరునకు వాడరాదు. వాటి గీతలలో దాగిన జీవులను కడిగి వెళ్లగొట్టుట కష్టము.

సంతతిని ఒకే ఇంట బంధించి యుంచుట ప్రమాదకరము. పశ్చిమ నార్వే పల్లెలలో క్వైక్ అను ఇంటి ఈస్టును (అది పుల్లని బీరునకు ఉద్దేశింపబడినది కాదు) కొయ్య వలయములపై ఆరబెట్టి తరతరములుగా కాపాడుకొనిరి. ఒక ఇంట అది చెడినచో పొరుగింటినుండి తెచ్చుకొనుచుండిరి. పుల్లని బీరు కాచువారును ప్రతి విడతనుండి ఒక సీసా మడ్డిని తోటి తయారీదారునకు ఒసగి, అది ఎన్నవ విడతదో, ఎన్ని నెలలు నిలిచినదో, తాజా ఈస్టు ఎప్పుడు కలిపిరో చీటీపై వ్రాసి అంటింపవలెను.