గంపగుత్త ఓటు

మామిడి తోటను గంపగుత్తకు మాట్లాడుకునేవాడు కాయ కాయనూ ఏరుకోలేడు. కొంటే తోటంతా కొనాలి, లేదంటే మానుకోవాలి. కొత్త రాజ్యాంగం మీద జనాన్ని ఓటడగడమూ ఇలాంటి బేరమే. 2022 సెప్టెంబరు 4న చిలీ ఓటరు ముందు 388 అధికరణాల ముసాయిదా పెట్టారు. చెప్పవలసింది ఒక్క ముక్క: ఒప్పుకుంటారా, తోసిపుచ్చుతారా? 62 శాతం మంది తోసిపుచ్చారు.

అంతకు రెండేళ్ల ముందు అదే దేశం, పినోచె సైనిక పాలనలో వచ్చిన 1980 నాటి రాజ్యాంగం మాకొద్దు, కొత్తది రాయండని 78 శాతం ఓట్లతో చెప్పింది. శాంటియాగో మెట్రో టికెట్టు 30 పెసోలు పెరిగిందని 2019లో రేగిన గొడవ అక్కడిదాకా వచ్చింది. మరి జనం మనసు మార్చుకున్నారా? పూర్తిగా అలా అనలేం. 2020లో ఇష్టమున్నవాళ్లే ఓటేశారు, దాదాపు సగం మంది ఇంటిపట్టునే ఉండిపోయారు. 2022లో ఓటు తప్పనిసరి చేశారు. ఆ రెండో సగం ఏమనుకుంటోందో అప్పుడు గానీ బయటపడలేదు.

నా ఫిర్యాదు ఓటర్ల మీద కాదు, రాసినవాళ్ల మీద. 155 మంది సభలో స్త్రీ పురుషులు దాదాపు సమానం, ఆదివాసులకు 17 స్థానాలు. తొలి అధ్యక్షురాలు ఎలీసా లోంకోన్ మపూచె తెగకు చెందిన భాషావేత్త. చూడముచ్చటైన సభే. కానీ ప్రతి అధికరణానికీ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, కుడిపక్షానికి దక్కినవి 37 సీట్లు. అంటే దేన్నీ అడ్డుకోలేరు. అడ్డుకోలేనివాళ్లతో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? దేశాన్ని బహుజాతుల రాజ్యమన్నారు, సెనేట్‌ను ఎత్తేశారు, ఆదివాసుల న్యాయపద్ధతులకు గుర్తింపునిచ్చారు. వీటిలో చాలావాటికి నా ఓటు పడేదే. కానీ గంపగుత్త బేరంలో ఒక్కొక్కరి కంటికి ఒక్కో పుచ్చుకాయ ఆనినా చాలు, తోటంతా పోతుంది. ఇళ్లు లాక్కుంటారన్న పుకారు సంగతి సరేసరి.

మన దగ్గర ఈ ఓటే లేదు. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభే ఆమోదించుకుంది. ఆ సభకు బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల సభ్యుల్ని పంపిన శాసనసభలు కూడా కొద్దిమందికే ఓటున్న రోజుల్లో ఏర్పడినవి. లోపమే, కాదనను. అయినా తిరుగులేని బలమున్న కాంగ్రెస్, ముసాయిదా సంఘానికి అంబేడ్కర్‌ను అధ్యక్షుణ్ని కానిచ్చింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కు అందులో చోటిచ్చింది. ఇద్దరూ కాంగ్రెస్ మనుషులు కారు.

చిలీలో 2023లో కుడిపక్షం వంతు వచ్చింది. బలం చేతికందగానే వాళ్లూ తమకు నచ్చిందే రాసుకున్నారు. డిసెంబరు 17న దాదాపు 56 శాతం మంది అదీ వద్దన్నారు. ఈసారి ‘వద్దు’కు ఊరూరా ప్రచారం చేసింది వామపక్షం. గెలిచింది కూడా. దాంతో, ఎన్నో సవరణలు పడిందే అయినా, పినోచె నాటి రాజ్యాంగమే అక్కడ నిలిచింది.