పరిచయపేటిక

మన సంగీత విద్వాంసులలో తమను గురించి తాము చెప్పుకొనడం చేతగానివారు కొందరున్నారు. చెప్పుకొనడం తప్ప మరేదీ చేతగానివారు మరికొందరున్నారు. మొదటివారు వేదిక కిందనే ఉండిపోతున్నారు. రెండవవారు వేదిక దిగడం లేదు. దీనికి కారణమేమని విచారిస్తే, ఈ కాలపు చిన్న సాధన మొకదాని దగ్గరకు వచ్చి ఆగవలసి వస్తున్నది. దానిని ఎలక్ట్రానిక్ ప్రెస్ కిట్ అంటారు.

అది ఇంటర్నెట్టులో ఒక పుట. ఆ పుటలో విద్వాంసుని సంక్షిప్త జీవితం, నాలుగు ఛాయాచిత్రాలు, రెండు మూడు రికార్డింగులు, ఒక కచేరీ వీడియో, పత్రికలు వ్రాసిన సమీక్షలు, వేదికమీద కావలసిన మైకుల వివరం, ఉత్తరప్రత్యుత్తరాలకు చిరునామా ఉంటాయి. పూర్వం ఇవన్నీ ఒక అట్టసంచిలో పెట్టి, క్యాసెట్టు జోడించి, పోస్టులో పంపేవారు. ఇప్పుడు ఒక లింకు పంపితే చాలు. సభా కార్యదర్శి గాని, పత్రికా విలేఖరి గాని, పరదేశపు ఉత్సవ నిర్వాహకుడు గాని మొదట చూచేది దానినే. తెలుగులో దీనిని పరిచయపేటిక అంటే తప్పులేదనుకొంటాను.

గుంటూరు సీమలో నేనెరిగిన నాదస్వర విద్వాంసు లొకరున్నారు. నలభై ఏండ్లుగా ఆలయాలలోనూ పెండ్లిండ్లలోనూ వాయిస్తున్నారు. తెల్లవారుజామున ఆయన తోడి ఆలాపన ఎత్తుకొంటే కోనేటిమెట్లమీద కూర్చున్నవారు లేచి పోలేరు. రెండేండ్ల క్రిందట విదేశపు ఉత్సవంవా రొకరు ఎవరివల్లనో ఆయన పేరు విని, ప్రెస్ కిట్ పంపుమని వ్రాశారు. ఆయన మనుమడి ఫోనులోనుంచి ఒక ఫోటో పంపి ఊరుకొన్నారు. ఆ ఫోటోలో ఆయన పెండ్లిపందిట్లో విస్తరి ముందు కూర్చొని ఉన్నారు. ఉత్సవంవారు మరల వ్రాయలేదు. ఆ సంగతి తెలిసి, కొంచెం వివరంగా వ్రాయించి పంపవలసిందని నేనంటే, "నా వాద్యాన్ని నేనే పొగుడుకోమంటారా బాబూ? విన్నవాళ్ళు చెప్పాలి గాని" అన్నారు.

ఆ మాటలో గొప్ప సంస్కారమున్నది. ఆత్మస్తుతి దోషమని మన పెద్దలు ఊరక చెప్పలేదు. కాని పరిచయం వేరు, ఆత్మస్తుతి వేరు. ఈ భేదాన్ని మరచినందువల్ల సంస్కారవంతులు నోరు కట్టుకొని కూర్చున్నారు; తక్కినవారు ఆ ఖాళీని నింపుతున్నారు.

విద్య ఉంటే లోకమే వెతుక్కొంటూ వస్తుందని వాదించేవారున్నారు. వారు చూపే దృష్టాంతం ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు ఆయన అక్కడ విద్యార్థిగా చేరబోయారనీ, ఆ ఫిడేలు విన్న ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయనను ఆచార్యునిగానే నియమించారనీ చెప్పుకొంటారు. మంచిదే. అయితే ఆ కథలో ఫిడేలు వాయించినవారు ఎంత ముఖ్యులో విన్నవారూ అంత ముఖ్యులు. వినేది నారాయణదాసుగారైతే ఏ పేటికా అక్కరలేదు. ఈనాడు మన విద్వాంసుని సంగతి విచారించేవారు తరచు ఎక్కడో సముద్రాల కావల, పగలల్లా ఉద్యోగం చేసి, రాత్రి భోజనమైన తరువాత ఉత్సవం పని చూచుకొనే గృహస్థులు. అమెరికాలో క్లీవ్‌లండ్ త్యాగరాజ ఆరాధన 1978లో మొదలైన తరువాత పరదేశాలలో మన సంగీతానికి వేదికలు ఎన్నో పెరిగాయి. వాటిని నడిపేవారికి భక్తి ఉన్నది, శ్రద్ధ ఉన్నది. కోనేటిమెట్ల దాకా వచ్చి వినే తీరిక మాత్రం లేదు. వారి ముందుకు మన మెట్లు మనమే తీసుకొనిపోవలె.

ఇది కొత్త సంగతీ కాదు. మన వాగ్గేయకారులు పదం చివరనో కృతి చివరనో ముద్ర పెట్టారు. క్షేత్రయ్యగారిది మువ్వగోపాల ముద్ర. త్యాగరాజస్వామి తన పేరే పెట్టుకొన్నారు. అదైనా పలుచోట్ల దైవానికి విశేషణంగా ఒదిగి ఉంటుంది. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో పాటలు రికార్డు చేసినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించింది. ఆ ప్లేట్లు జర్మనీలో హానోవరులో తయారు కావలసి ఉండేవి; ఎవరి పాట ఎవరిదో అక్కడి పనివారికి తెలియడానికే ఆ ప్రకటన అంటారు. అది డంబం కాదు, అవసరం. 1952లో ఆలిండియా రేడియోవారు ఆడిషను పద్ధతి పెట్టినప్పుడు పెద్ద విద్వాంసులు పలువురు అవమానంగా భావించి ఆందోళన చేశారు. అయినా ఆనాటి గ్రేడు ఈనాటికీ మన విద్వాంసుల పరిచయాలలో నిలిచి ఉన్నది. యంత్రం మారినప్పుడల్లా పేరు చెప్పుకొనే పద్ధతి మారుతూనే వచ్చింది.

ఇక పేటికలో ఏముండవలె? జీవిత సంగ్రహం రెండు విధాలుగా ఉండవలె: కరపత్రంలో వేసుకొనడానికి 50 మాటలలో ఒకటి, పత్రికవారికి 300 మాటలలో ఒకటి. మొదటి వాక్యంలోనే వాద్యమేదో, గురువెవరో, ఊరేదో తెలియవలె. ఛాయాచిత్రాలు పత్రికలో అచ్చుకు తగినంత స్పష్టంగా, అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ ఉండవలె. తీసినవారి పేరు వేయవలె. సమీక్షలోనుంచి వాక్యం ఎత్తి వ్రాస్తే పత్రిక పేరూ తేదీ ఉండవలె. "గానం బాగున్నది గాని" అన్న వాక్యంలో "గాని"ని కత్తిరించడం వంచన.

అన్నిటికంటె ముఖ్యం రికార్డింగు. పాశ్చాత్యులు మూడు నిమిషాల పాట ఒకటి చాలునంటారు. వారి పాటకు అది చాలునేమో. మన సంగీతంలో మనోధర్మం మూడు నిమిషాలలో తెలియదు. కాబట్టి చిన్న కృతి ఒకటీ, ఆలాపనతో, కల్పనస్వరాలతో పదిహేను నిమిషాల భాగం ఒకటీ ఉండవలె. ఆ రెండవది ఒక్క దమ్మున తీసినది కావలె. తప్పిన శ్రుతిని సరిచేసే యంత్రాలు ఇప్పుడు ప్రతి స్టూడియోలోనూ ఉన్నాయి. వాటితో దిద్దిన గొంతును పంపి, దిద్దని గొంతుతో వేదిక ఎక్కేవాడు సభవారినే కాదు, తన్ను కూడా మోసగించుకొంటున్నాడు.

రికార్డింగు కింద తేదీ, స్థలం, పక్కవాద్యాలవారి పేర్లు ఉండవలె. ఫిడేలు, మృదంగం లేని పాట కచేరీ కాదని ఎరిగినవారే పేటికలో వారి పేర్లు మరచిపోవడం చూస్తున్నాము. మర్యాద మాట అటుంచి, 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1994లో సవరించి ప్రదర్శకులకు హక్కు కల్పించారు. 2012లో దానిని ఇంకా విస్తరించారు. ఆ హక్కు ముందు కూర్చున్నవారికే కాదు, పక్కన కూర్చున్నవారికీ ఉన్నది. వారి అనుమతి అడిగే వాడుకోవలె.

శ్రుతి ఎంత, మైకులెన్ని, ఎవరు ఎటు కూర్చుంటారు అన్న వివరాలు కొందరికి అల్పంగా తోచవచ్చు. నాదస్వరం ఆరుబయట పెరిగిన వాద్యం. దానినీ డోలునూ చిన్న గదిలో మైకుల ముందు కూర్చోబెట్టి, చెవులు మూసుకొన్న శ్రోతలను నేను చూచాను. తప్పు వాద్యానిది కాదు. ముందుగా ఎవరూ చెప్పకపోవడానిది.

ఇక విశేషణాల సంగతి. ఊళ్ళో ఎవరూ ఎరుగని ప్రపంచప్రఖ్యాతులు మనకు పెక్కుమంది ఉన్నారు. బిరుదు చెప్పదలిస్తే ఇచ్చినవారి పేరూ సంవత్సరమూ చెప్పవలె. 1977లో భారత ప్రభుత్వం కరవది షేక్ చిన మౌలానాగారికి పద్మశ్రీ ఇచ్చిందంటే, ఆ వాక్యంలో పొగడ్త ఒక్కటీ లేదు. కావలసి ఉన్నదా? వివరం చెప్పలేనివాడే విశేషణం వెతుక్కొంటాడు.

సభలవారికీ ఒక బాధ్యత ఉన్నది. పేటిక అడగడం సులభం. విప్పి వినడం కష్టం. చూచినవారి సంఖ్య ఎంత, అనుచరులెందరు అని లెక్కపెట్టి కచేరీలు ఇచ్చేవారు సంగీతాన్ని విన్నట్టు కాదు, లెక్కలు చదివినట్టు. పదిహేను నిమిషాలు వినే ఓపిక లేనివారు పేటిక అడగనే కూడదు. విజయనగరం, విజయవాడ, హైదరాబాదు కళాశాలలలో వర్ణాలూ కృతులూ నేర్పేవారు, చివరి ఏట నాలుగు గంటలు ఈ పనికి కేటాయిస్తే పాఠ్యక్రమం అపవిత్రం కాదు. చేయించే మనుమడు లేని విద్వాంసునికి అక్కడి విద్యార్థులే మనుమలు కావచ్చును.

మొన్న మాఘమాసంలో ఆ నాదస్వర విద్వాంసునికి ఆయన మనుమడూ నేనూ కలసి పేటిక తయారుచేశాము. ఆలయ మండపంలో తోడి రికార్డు చేశాము. నడుమ ఒకచోట గుడిగంట మ్రోగింది. తీసివేద్దామన్నాడు మనుమడు, ఉండనిమ్మన్నాను. జీవితం వ్రాయబోతే, ముందు గురువుగారి పేరూ, తరువాత ముప్పై ఏండ్లుగా తనకు డోలు వాయించిన మిత్రుని పేరూ, ఆ తరువాతనే తన పేరూ వ్రాయుమన్నారు. అట్లాగే వ్రాశాము. అంతా చదివి వినిపిస్తే, "ఇందులో నన్ను పొగిడిన మాట ఒక్కటీ లేదే!" అన్నారు, ఎంతో సంతోషంగా.

పిలుపు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. ఇకమీదట ఆయనను కాదనేవారు విని కాదనవలె.