తట్ట, చెమ్మస్ పోయాయి సరే, కొలువులేవి?

సింగరేణి గనుల్లో బొగ్గు నింపే కార్మికుని పనిముట్లు ఒకప్పుడు రెండే: తట్ట, చెమ్మస్. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో ఎత్తి, తట్టలో మోసి టబ్బులు నింపాలి. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలీ. ఉక్క, దుమ్ము, పైకప్పు ఎప్పుడు కూలుతుందోనన్న భయం. ఆ పని పోయినందుకు ఎవరూ కన్నీరు కార్చనక్కరలేదు. నడుము పడిపోయిన పాత ఫిల్లరును అడిగినా ఇదే మాట చెబుతాడు.

భూగర్భ గనుల్లోకి ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాయి. ఓపెన్‌కాస్టులు పెరిగాయి. 1990-91లో సంస్థలో లక్షా 16 వేల మంది పైచిలుకు ఉద్యోగులు. తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నులకు లోపే. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. ఉద్యోగులు సుమారు 42 వేలు. ఇదంతా యంత్రం మహిమేనని అధికారులు చెప్పుకోవచ్చు. కానీ లెక్కలో సగమే చూపుతున్నారు.

ఓపెన్‌కాస్టులో బొగ్గు కన్నా ముందు మట్టి తియ్యాలి. ఆ పని చాలావరకు కాంట్రాక్టర్లది. అక్కడ డంపరు నడిపే మనిషి కంపెనీ జాబితాలో ఉండడు. అదే గొయ్యి, అదే దుమ్ము, జీతం మాత్రం వేరు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది అందుకే. 2024లో లాభాల వాటా పంచినప్పుడు పర్మినెంటు ఉద్యోగికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికునికి అయిదు వేలు. అదైనా ఇవ్వడం అదే మొదటిసారి! అంటే కొలువులన్నీ యంత్రం మింగలేదు. కొన్ని చేతులు మారాయి, చవకయ్యాయి.

దీని దెబ్బ బజారుకూ తగిలింది. జీతాల రోజును నమ్ముకుని పెరిగిన బెల్లంపల్లి వంటి ఊళ్లు గనులు మూతపడ్డాక పలచబడ్డాయి. కాంట్రాక్టు జీతం మీద కిరాణా కొట్టువాడు ఎంతని అరువిస్తాడు?

భూములిచ్చిన పల్లెల యువకులకు కంపెనీయే యంత్రాలపై శిక్షణ ఇచ్చి, ఆపరేటర్లుగా తన జాబితాలో చేర్చుకోవాలి. ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది కూడా. అయితే యంత్రం మిగిల్చిన సొమ్ములో వాటా యంత్రం నడిపేవానికి రాకపోతే ఇంకెవరికి రావాలి?

కొత్త గని తెరిచే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని టన్నులు అన్నది అక్కడ చెబుతారు. కంపెనీ కొలువులెన్ని, కాంట్రాక్టరు కొలువులెన్ని అన్నది కూడా విడివిడిగా చెప్పించుకోవాలి. ఆ ప్రశ్న అడగవలసింది గ్రామస్థులే.