మంత్రాలయం దారిలోనే ఆదోని కోట
2022 జిల్లాల విభజనతో శ్రీశైలం, అహోబిలం, బెలుం గుహలు కర్నూలు జిల్లా నుంచి నంద్యాలకు పోయాయి. రాష్ట్ర 2024-29 పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా కట్టబెట్టాక, కర్నూలు పడమటి మండలాల వాటా ఏమిటో ప్రభుత్వం తేల్చాలి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చే జనం ఎమ్మిగనూరు మీదుగానో, ఆదోని స్టేషన్ దాటుకునో సాగిపోతున్నారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం నుంచి బీజాపూర్ చేతికి మారిన ఆదోని కోట, అక్కడే సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు వారిలో ఎందరి ప్రయాణంలో ఉన్నాయి? హోటళ్లకు రాయితీలు తర్వాతి మాట. ముందు మంత్రాలయం నుంచి ఆదోని, ఎర్రగుడి అశోక శాసనాల దాకా ఒక్కరోజు యాత్రా బస్సు నడపాలి. మాచాని సోమప్ప చేనేత సహకారానికి పేరు తెచ్చిన ఎమ్మిగనూరులో అది ఆగాలి. కోట దారికి మెట్లు, తాగునీరు, మరుగుదొడ్లు కావాలి. మరమ్మతు పేరిట బురుజులకు సిమెంటు పూసే కాంట్రాక్టర్లను మాత్రం పురావస్తు శాఖ కోట దగ్గరికి రానివ్వకూడదు.